ఏ సంఖ్య ఇచ్చినా దాని గుట్టు విప్పడం ఎలా: 2016తో మొదలుపెట్టి చూద్దాం

ఒక సంఖ్య చేతికిచ్చి దీని లక్షణాలన్నీ రాయమంటే చాలామంది ముందు సరా, బేసా చూస్తారు, తర్వాత ప్రధాన సంఖ్య అవునో కాదో చూస్తారు, అక్కడితో పెన్ను ఆగిపోతుంది. ఎందుకంటే ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. భాజకాలెన్ని, పరిపూర్ణ సంఖ్యేనా, త్రిభుజ సంఖ్యేనా, రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా, హర్షద్ సంఖ్య అవునా కాదా... ఒక్కోదానికీ మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెడితే తెల్లారిపోతుంది. అంత కష్టం అక్కర్లేదు. ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం అనే ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతావాటిలో చాలా భాగం దాన్లోంచే వచ్చేస్తాయి.

2016 తీసుకుందాం. సంవత్సరంగా కాదు, ఉత్త సంఖ్యగానే. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కాలిక్యులేటర్ పక్కనుంటే తప్పులేదు కానీ చివరి దాకా ముట్టుకోకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

ముందు విడగొట్టండి

చివరి అంకె 6, సరిసంఖ్య. సగం చేస్తూ పోండి: 1008, 504, 252, 126, 63. ఐదుసార్లు సగమైంది, 63 దగ్గర బేసి వచ్చింది, ఆగండి. 63 అంటే 9×7. అయిపోయింది.

2016 = 2⁵ × 3² × 7

ఈ ఒక్క లైను కాగితం పైన పెద్దగా రాసుకోండి, ఇక్కణ్ణుంచి ప్రతి అడుగులోనూ దీన్నే చూస్తాం.

మీ సంఖ్య ఇంత మంచిది కాకపోవచ్చు. అప్పుడు 2, 3, 5, 7, 11, 13 అంటూ ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించి చూడాలి. ఎంతదాకా? వర్గమూలం దాకా, అంతే. ఒక సంఖ్య రెండు ముక్కలుగా విడిపోతే ఆ రెండూ వర్గమూలం కన్నా పెద్దవి కాలేవు, కనీసం ఒకటి దానికి ఇవతలే ఉండాలి. 44² అంటే 1936, 45² అంటే 2025, కాబట్టి ఈ సైజు సంఖ్యలకి 43 దాకా చూస్తే చాలు, అది మొత్తం 14 ప్రధాన సంఖ్యలు. పక్కనే ఉన్న 2017ని ఇలా చూడండి: 2, 3, 5 పోవు, 7తో శేషం 1, 11తో 4, 13తో 2, 17తో 11, 19తో 3, ఇలా 43 దాకా వెళ్ళినా ఒక్కటి కూడా భాగించదు. కాబట్టి 2017 ప్రధాన సంఖ్య. "ఏమో, ఇంకా పెద్దదేదైనా భాగిస్తుందేమో" అన్న టెన్షన్ అక్కర్లేదు.

భాగించేటప్పుడు చిన్న కిటుకులు పనికొస్తాయి. 3, 9లకి అంకెల మొత్తం చూడండి: 2+0+1+6 = 9, రెండిటితోనూ పోతుంది. 4కి చివరి రెండంకెలు, 8కి చివరి మూడంకెలు. 11కి అంకెల్ని ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసేస్తూ పోండి: 2−0+1−6 = −3, ఇది 0గానీ 11 గుణిజంగానీ కాదు కాబట్టి పోదు. 7కి చివరి అంకెని రెట్టింపు చేసి మిగతాదాన్లోంచి తీసేయండి: 201−12 = 189, మళ్ళీ 18−18 = 0, పోతుంది. అంకెలు కూడే పద్ధతి 7కి పనిచేయదు, పరీక్ష హాల్లో కంగారులో చాలామంది అదే చేస్తారు.

ఇంకో మాట. 1 ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు. దాన్ని ప్రధాన సంఖ్య అనుకుంటే ప్రతి సంఖ్యనీ ఒకే ఒక్క రకంగా విడగొట్టగలం అనే సిద్ధాంతమే దెబ్బతింటుంది, ముందు ఎన్ని 1లు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు కదా.

భాజకాల లెక్క

2016 భాజకాలన్నీ ఒక్కోటీ వెతకాల్సిన పనిలేదు. ఘాతాంకాలు 5, 2, 1. ఒక్కోదానికీ ఒకటి కలిపి గుణించండి: 6×3×2 = 36. ఇందులో 1, 2016 కూడా ఉన్నాయి. ఎందుకిలా అంటే, ఏ భాజకమైనా కొన్ని 2లు, కొన్ని 3లు, ఉంటే ఒక 7 కలిపి చేసిందే. 2లు ఏవీ లేకపోవడం నుంచి ఐదు దాకా ఆరు రకాలు, 3లు మూడు రకాలు, 7 ఉండటం లేకపోవడం రెండు రకాలు.

36 అంటే ఎక్కువే, కానీ రికార్డేమీ కాదు. 1260కి కూడా 36 ఉన్నాయి, 1680కి 40 ఉన్నాయి, రెండూ 2016 కన్నా చిన్నవే. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ భాజకాలున్న సంఖ్యల మీద రామానుజన్ 1915లో ఒక పెద్ద వ్యాసమే ప్రచురించారు, వాటిని హైలీ కాంపోజిట్ సంఖ్యలంటారు. 1260, 1680, 2520 ఆ జాబితాలో ఉన్నాయి, 2016 లేదు. 5 అనే చిన్న కారణాంకాన్ని వదిలేసి అన్ని 2లు పోగేసుకోవడమే దీనికి అడ్డమైంది.

ఇప్పుడు ఆ భాజకాల మొత్తం. దీనికీ అదే లైను చాలు. 2ల వైపు 1+2+4+8+16+32 = 63. 3ల వైపు 1+3+9 = 13. 7 వైపు 1+7 = 8. మూడూ గుణిస్తే 63×13×8 = 6552. దీన్లోంచి 2016 తీసేస్తే 4536. 2016ని మినహాయించి మిగతా భాజకాలన్నీ కలిపితే వచ్చేది ఇదే.

ఈ 4536ని 2016తో పోల్చడమే అసలు విషయం. సమానమైతే పరిపూర్ణ సంఖ్య, తక్కువైతే డెఫిషియెంట్, ఎక్కువైతే అబండెంట్. ఇక్కడ ఎక్కువ, అదీ రెట్టింపుకి పైనే, కాబట్టి 2016 అబండెంట్. నిజానికి ఇంత లెక్క కూడా అక్కర్లేదు. పరిపూర్ణ సంఖ్యకి పెద్ద గుణిజం ఏదైనా అబండెంట్ అయి తీరుతుంది. 6 పరిపూర్ణ సంఖ్య, 2016ని 6 భాగిస్తుంది, అక్కడే తేలిపోయింది. కానీ సంఖ్య బేసి అయితే ఈ దగ్గరి దారి ఉండదు, మొత్తం కట్టాల్సిందే. బేసిల్లో మొదటి అబండెంట్ 945 దాకా రాదు.

ఇక్కడ కొంచెంసేపు ఆగాలనిపిస్తుంది నాకు. పరిపూర్ణ సంఖ్యలు 6, 28, 496, 8128 ఎలా తయారవుతాయో చూడండి: 2×3, 4×7, 16×31, 64×127. ఒక 2 ఘాతం, దాని రెట్టింపులోంచి ఒకటి తక్కువ, ఈ రెండిటి లబ్ధం. రెండోది ప్రధాన సంఖ్య అయితే లబ్ధం పరిపూర్ణ సంఖ్య అవుతుందని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు, సరిసంఖ్యల్లో పరిపూర్ణమైనవన్నీ ఇలాగే ఉండి తీరాలని చాలా తర్వాత ఆయిలర్ చూపించాడు. ఇప్పుడు 496కీ 8128కీ మధ్యలో వదిలేసినదేంటి? 32×63. అదే మన 2016! ఆకారమంతా పరిపూర్ణ సంఖ్యదే, ఒక్క 63 ప్రధాన సంఖ్య కాకపోవడం వల్ల పోయింది. 63కి 3, 7, 9, 21 అని అదనపు భాజకాలున్నాయి కదా, అవి వచ్చి మొత్తాన్ని ఎక్కడికో తీసుకెళ్ళిపోయాయి. ఇలా ప్రధాన సంఖ్య అయి తీరాల్సిన రెండో ముక్కలనే మెర్సెన్ ప్రధానాలంటారు. 2024 అక్టోబర్‌లో ప్రకటించినదానితో కలిపి ఇప్పటిదాకా తెలిసినవి 52. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు, అసలు లేదని నిరూపించినవాళ్ళూ లేరు.

వర్గాల సంగతి

వర్గ సంఖ్య కావాలంటే ఘాతాంకాలన్నీ సరిసంఖ్యలై ఉండాలి. మనకి 5, 2, 1 కాబట్టి కాదు. వర్గం చేయాలంటే ఏం తగిలించాలి? ఘాతాంకం బేసిగా ఉన్న 2, 7. అంటే 14. 2016×14 = 28224 = 168². భాగించినా అంతే, 2016÷14 = 144 = 12². కాబట్టి 2016 వర్గమూలం 12√14. స్కూల్లో "ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ వర్గమవుతుంది" అని అడిగే లెక్కంతా ఇదే.

రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా? దీనికీ పైలైనే చూడండి. 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన కారణాంకాలు, అంటే 3, 7, 11, 19 లాంటివి, ప్రతిదీ సరి ఘాతాంకంతోనే ఉండాలి. 3² పర్లేదు. 7 ఒక్కటే ఉంది, చెడగొట్టింది. కాబట్టి ఎన్ని రకాలుగా ప్రయత్నించినా కుదరదు. అదే 2017 అయితే 44² + 9², చక్కగా కుదురుతుంది. మూడు వర్గాలకొస్తే నియమం వేరు: 4తో పోయినన్నిసార్లు భాగించి, మిగిలినదాన్ని 8తో భాగించినప్పుడు శేషం 7 వస్తేనే కుదరదు. 2016ని రెండుసార్లు 4తో భాగిస్తే 126, దాన్ని 8తో భాగిస్తే శేషం 6. కుదురుతుంది. 126 = 121+4+1 కాబట్టి అన్నిటినీ 16తో గుణిస్తే 44² + 8² + 4² = 2016. నాలుగు వర్గాలతో అయితే ఏ సంఖ్యనైనా రాయొచ్చు, లాగ్రాంజ్ 1770లో నిరూపించాడు, కాబట్టి ఆ పరీక్ష పెట్టుకోకండి.

త్రిభుజ సంఖ్యేనా

1, 1+2, 1+2+3 ఇలా వచ్చేవి త్రిభుజ సంఖ్యలు. పరీక్ష సులువు: సంఖ్యని 8తో గుణించి 1 కలపండి, వచ్చింది వర్గమైతే త్రిభుజ సంఖ్య. 2016×8+1 = 16129 = 127². అయింది. 127లోంచి 1 తీసి సగం చేస్తే 63, అంటే 1 నుంచి 63 దాకా కూడితే 2016. 64 గళ్ళున్న చదరంగం బోర్డు మీద ఏవైనా రెండు గళ్ళు ఎంచుకోడానికి ఎన్ని మార్గాలున్నాయంటే సరిగ్గా 2016, కారణం ఇదే: మొదటి గడికి 63 జతలు, తర్వాతదానికి కొత్తగా 62, అలా 1 దాకా.

ఇంకో అడుగు వేసి 127కి 1 కలిపి 4తో భాగించండి. 32, పూర్ణ సంఖ్యే వచ్చింది, కాబట్టి 2016 షడ్భుజ సంఖ్య (1, 1+5, 1+5+9 ఇలా వచ్చేది) కూడా.

వరుస సంఖ్యల మొత్తాలు: ఇది తప్పకుండా చేసి చూడండి

1 నుంచి 63 దాకా కూడితే 2016 వచ్చింది సరే, ఇంకే వరుస సంఖ్యలైనా కూడితే వస్తుందా? బేసి భాజకాలు లెక్కపెట్టండి. 2లు వదిలేస్తే 3²×7, అంటే 3×2 = 6 బేసి భాజకాలు: 1, 3, 7, 9, 21, 63. 1ని పక్కన పెడితే ఐదు. సరిగ్గా ఐదు రకాలుగా రాయొచ్చు.

పద్ధతి ఏంటంటే, భాజకమెంతో అన్ని పదాలు, మధ్య పదం 2016ని ఆ భాజకంతో భాగిస్తే వచ్చేది. 3 పదాలైతే మధ్యలో 672, అంటే 671+672+673. 7 పదాలైతే మధ్యలో 288, వరుస 285 నుంచి 291. 9 పదాలైతే 220 నుంచి 228. 21 పదాలైతే 86 నుంచి 106. 63 పదాలైతే మధ్యలో 32, అంటే 1 నుంచి 63, పైన వచ్చిందే. ఏదో ఒకటి కూడి చూసుకోండి, నమ్మకం కుదురుతుంది. ఒక్కోసారి భాజకం పెద్దదై వరుస రుణ సంఖ్యల్లోకి దిగిపోతుంది, అప్పుడు అటూ ఇటూ ఉన్నవి కొట్టేసుకుని చిన్న ధన వరుస మిగులుతుంది, లెక్క మాత్రం తప్పదు. 2 ఘాతాలకి, అంటే 64, 1024 లాంటివాటికి, 1 తప్ప బేసి భాజకమే లేదు కాబట్టి వాటిని ఇలా ఒక్క రకంగా కూడా రాయలేరు.

ఉమ్మడి కారణాంకం లేనివెన్ని

1 నుంచి 2016 దాకా 2016తో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలెన్ని అని అడిగితే, ఆయిలర్ ఫంక్షన్ అన్న పేరు చూసి భయపడకండి. 2 ఉంది కాబట్టి సగం పోతాయి, 3 ఉంది కాబట్టి మిగిలినవాటిలో మూడో వంతు పోతాయి, 7 ఉంది కాబట్టి అందులో ఏడో వంతు పోతాయి. 2016, 1008, 672, 576. జవాబు 576, అది 24² కావడం కాకతాళీయం. ఘాతాంకాలు ఇక్కడ పనిలోకి రావు, ఏయే ప్రధానాలున్నాయన్నదే ముఖ్యం.

1ని 2016తో భాగిస్తే వచ్చే దశాంశం కూడా పైలైన్లోనే ఉంది. 0.00049 తర్వాత 603174 అనే ఆరంకెలు ఎడతెగకుండా తిరుగుతాయి. మొదటి ఐదు అంకెలూ తిరగకపోవడానికి 2⁵ కారణం, ఆరంకెల ముక్క 7 వల్ల.

అంకెల ఆటలు వేరే ఖాతా

భాగించే కిటుకులు, ఆ దశాంశం తప్పిస్తే ఇప్పటిదాకా చూసినవన్నీ సంఖ్య సొంత లక్షణాలు. మీరు దాన్ని పదుల్లో రాసినా, బైనరీలో (0, 1లతోనే) రాసినా మారవు. చొక్కా మారిస్తే మనిషి మారడు కదా. కానీ కొన్ని లక్షణాలు చొక్కావే. వాటిని విడిగా రాసుకోండి, కలిపేస్తే గందరగోళం.

హర్షద్ సంఖ్య అంటే అంకెల మొత్తంతో భాగించబడేది. ఈ పేరు పెట్టింది మన గణిత ఉపాధ్యాయుడు డి.ఆర్. కప్రేకర్. 2016÷9 = 224, అవును, హర్షద్ సంఖ్యే. హ్యాపీ నంబరేనా చూడాలంటే అంకెల వర్గాలు కూడుతూ పోవాలి: 4+0+1+36 = 41, తర్వాత 17, 50, 25, 29, 85, 89, 145, 42, 20, 4, 16, 37, 58, మళ్ళీ 89. చక్రంలో పడింది, 1కి చేరదు, కాబట్టి హ్యాపీ కాదు.

కప్రేకర్ పేరు వచ్చింది కాబట్టి ఆయన పెట్టిన ఇంకో ఆట: నాలుగంకెల్ని పెద్ద నుంచి చిన్నకి, చిన్న నుంచి పెద్దకి పేర్చి తీసివేయండి, వచ్చినదానితో మళ్ళీ అదే చేయండి. అంకెలన్నీ ఒకటే కాకపోతే చాలు, ఏ సంఖ్యయినా ఏడు అడుగుల్లోపే 6174 దగ్గర ఆగిపోతుంది. 2016 సంగతి: 6210−0126 = 6084, తర్వాత 8172, 7443, 3996, 6264, 4176, 6174. ఏడు అడుగులూ వాడుకుంది. ముందు సున్నా వచ్చినా దాన్ని పారేయకండి, 0126ని నాలుగంకెలుగానే ఉంచాలి.

బైనరీలో రాస్తే 2016 చూడముచ్చటగా ఉంటుంది: 11111100000. ఆరు 1లు, ఐదు 0లు. చివరి 0లు ఎన్నున్నాయో అన్ని 2లు, ముందున్న 111111 అంటే 63. పరిపూర్ణ సంఖ్య ఆకారం అన్నానే, అది ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

హర్షద్ చొక్కా లక్షణమే అన్నాను. మామూలుగా ఆధారం (పదులకి బదులు ఎన్నేసి చొప్పున లెక్కగట్టి రాస్తామో అది) మారిస్తే ఆ లక్షణం ఉంటుందో పోతుందో చెప్పలేం. కానీ 2016ని ఒక్కో ఆధారంలో రాసి చూడండి. బైనరీలో అంకెల మొత్తం 6, భాగిస్తుంది. ఆధారం 8లో 3740, మొత్తం 14, భాగిస్తుంది. ఆధారం 12లో 1200, మొత్తం 3, భాగిస్తుంది. 13లో అంకెలు 11, 12, 1, మొత్తం 24, అదీ భాగిస్తుంది. ఆధారం 2 నుంచి 17 దాకా ఒక్కటి కూడా తప్పకుండా హర్షద్ సంఖ్యే, 18లో 640 అవుతుంది, మొత్తం 10, అక్కడ ఆగిపోయింది. దీని వెనక కొంత 36 భాజకాల బలం ఉంది. చిన్న భాజకాలు దండిగా ఉన్న సంఖ్యకి అంకెల మొత్తం ఏదో ఒక భాజకం మీద పడే అవకాశం ఎక్కువ. అయినా వరుసగా పదహారు ఆధారాలంటే మాటలు కాదు.

సరిచూసుకోవడం

చివర్లో మాత్రమే కంప్యూటర్ తెరవండి. లినక్స్‌లో ఫ్యాక్టర్ అనే కమాండ్ పక్కన 2016 కొడితే 2 2 2 2 2 3 3 7 అని వస్తుంది. పైథాన్ వచ్చినవాళ్ళు 1 నుంచి 2016 దాకా శేషం చూసే రెండు లైన్ల లూప్ రాసి భాజకాలు 36 వచ్చాయో లేదో, మొత్తం 6552 వచ్చిందో లేదో చూసుకోవచ్చు. తేడా వస్తే లక్షణాల దగ్గర వెతక్కండి, ముందు విడగొట్టిన లైనుకి వెళ్ళి దాన్ని తిరిగి గుణించండి: 32×9 = 288, 288×7 = 2016. తొంభై పాళ్ళు తప్పు అక్కడే దొరుకుతుంది. ఫలానా లక్షణమున్న సంఖ్యల వరుస మొత్తం కావాలంటే నీల్ స్లోన్ 1964లో పోగుచేయడం మొదలుపెట్టిన వరుసల విజ్ఞాన సర్వస్వం ఇప్పుడు ఆన్‌లైన్లో ఓఇఐఎస్ పేరుతో ఉచితంగా ఉంది. వరుసలో మొదటి నాలుగైదు సంఖ్యలు కామాలతో కొడితే చాలు. ఒక్క సంఖ్యే కొడితే మాత్రం వేల వరుసలు వచ్చి పడతాయి, అందులో మీకు కావాల్సింది ఏదో తేల్చుకోవడం ఇంకో పని.